ప్రేమకథలో ఎవరి ఇల్లు కనిపిస్తుంది?



ప్రేమకథా చిత్రం చూసి ఇంటికి వచ్చాక మనం మాట్లాడుకునేది ఎక్కువగా ఆ జంట గురించే. జోడీ కుదిరిందా, పాటలు బాగున్నాయా, చివరికి ఇద్దరూ ఒక్కటయ్యారా అని. ఈ పూట ఆ మాటలు కాసేపు పక్కన పెట్టి, మరికొన్ని ప్రశ్నలు వేసుకుందాం. ఆ కథలో ఎవరి ఇల్లు చూపించారు? కెమెరా ఎవరి వంటింటి దాకా వెళ్లింది, ఎవరి గుమ్మం దగ్గరే ఆగిపోయింది? పెళ్లికి ఒప్పుకోవలసింది ఎవరని కథ అనుకుంటోంది? ఆ ప్రేమకు ఎవరు ఎక్కువ మూల్యం చెల్లించారు?

సినిమా చెప్పే నీతి కథానాయకుడి ఆవేశపు ప్రసంగంలో ఉంటుందని మనం అనుకుంటాం. నా అభిప్రాయం వేరు. ఒక ప్రేమకథ ఏ విలువలకు కట్టుబడి ఉందో తెలియాలంటే ప్రసంగాలు కాదు, ఈ ప్రశ్నలకు అది ఇచ్చే జవాబులు చూడాలి. తెలుగు తెరమీద 1938 నుంచి 2021 దాకా వచ్చిన కొన్ని చిత్రాలను, మధ్యలో ఒక మరాఠీ చిత్రాన్ని ఈ కోణంలో చూద్దాం. అన్నిటికంటే ఎక్కువసేపు మొదటి చిత్రం దగ్గరే ఆగుదాం. ఎందుకంటే ఎనభై ఏళ్లు దాటినా దాని దగ్గర నేర్చుకోవలసింది ఇంకా మిగిలే ఉంది. ఆ చిత్రం ‘మాలపిల్ల’.

అది వచ్చిన కాలం ఒకసారి గుర్తు చేసుకుందాం. 1933 చివర, 1934 మొదట్లో గాంధీజీ హరిజన యాత్ర చేస్తూ ఆంధ్ర జిల్లాల్లో తిరిగారు. 1936లో లాహోరులో ఒక సంఘం వార్షిక సభకు అధ్యక్షుడిగా రమ్మని అంబేడ్కర్‌ను పిలిచింది. ఆయన ప్రసంగం చదివి జడిసి, సభనే రద్దు చేసుకుంది. అంబేడ్కర్ దాన్ని సొంత ఖర్చుతో అచ్చు వేయించారు. అదే ‘కుల నిర్మూలన’. సహపంక్తి భోజనాలతో కులం పోదని, కులాంతర వివాహమే అసలైన మందని ఆయన అందులో తేల్చి చెప్పారు. అదే ఏడాది నవంబరులో తిరువాంకూరు సంస్థానం దేవాలయాల తలుపులు హిందువులందరికీ తెరిచింది. మద్రాసు రాష్ట్రమంతటికీ వర్తించే ఆలయ ప్రవేశ చట్టం 1939లో గానీ రాలేదు. అంటే మన గుళ్లలో చాలావాటి తలుపులు దళితులకు ఇంకా మూసి ఉన్న రోజుల్లోనే, 1938 సెప్టెంబరులో ‘మాలపిల్ల’ విడుదలైంది.

తీసినవారు గూడవల్లి రామబ్రహ్మం. నిర్మించిన సారథి సంస్థకు అండ చల్లపల్లి రాజావారు. కథ చలంది. సంభాషణలు తాపీ ధర్మారావుగారివి. పౌరాణికాలు రాజ్యమేలుతున్న కాలంలో ఆయన పాత్రల చేత వాడుక భాష మాట్లాడించారు. అగ్రహారపు కుర్రవాడు నాగరాజుగా గాలి వెంకటేశ్వరరావు, అతని తండ్రి సుందరరామశాస్త్రిగా గోవిందరాజుల సుబ్బారావు, మాలపల్లెలో పుట్టిన శంపాలతగా కాంచనమాల నటించారు.

కథ జరిగే ఊరు కల్యాణపురం. గుళ్లోకి తమనూ రానివ్వాలని దళితులు అడుగుతారు. ధర్మకర్త శాస్త్రిగారు ససేమిరా అంటారు. పంతం పెరిగి, ఊరి చెరువులో వాళ్లు నీళ్లు ముంచుకోకూడదనే దాకా వస్తుంది. అప్పుడు దళితులు ఏం చేశారన్నది ఈ సినిమాలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే విషయం. మా చేతులు తగిలితే మీ చెరువు మైలపడేటట్టయితే, ఆ చేతులతో మీ పొలాలు దున్నం అని కూలి మానేస్తారు. వ్యవసాయం ఆగిపోతుంది.

ఈ ఘట్టం దగ్గర కొంచెం నిలబడి ఆలోచించండి. సంస్కరణ కథల్లో పీడితులు సాధారణంగా చేతులు కట్టుకుని నిలబడతారు. పైనుంచి ఎవరో దయతలచి చేయి అందిస్తే పైకి వస్తారు. ఈ కల్యాణపురంలో అలా కాదు. గాంధేయవాది చౌదరయ్య వాళ్ల పక్షాన మాట్లాడతాడు, నిజమే. కానీ పని మానేసేది వాళ్లు. ఊళ్లో అన్నం ఎవరి చేతుల మీదుగా వస్తోందో ఊరికి తెలియజెప్పేది వాళ్లు. అంటరానితనం మనసులో ఉన్న ఒక మూఢనమ్మకం మాత్రమే కాదు, నీళ్లకూ భూమికీ కూలికీ ముడిపడిన వ్యవహారమని 1938లోనే ఒక ప్రేమకథ చూపించింది. ఆ తర్వాత వచ్చిన ఎన్నో ప్రేమకథలు ఈ మాట మరిచిపోయి, కులాన్ని ఒక మొండి తండ్రి కోపంగా కుదించేశాయి.

సరే, ప్రేమ సంగతికి వద్దాం. నాగరాజు, శంపాలత ఒకరినొకరు ఇష్టపడతారు. ఊళ్లో ఉండి ఆ ప్రేమ నిలబెట్టుకోవడం అసాధ్యం. శంపాలత చెల్లెలు అనసూయను కూడా వెంటబెట్టుకుని కలకత్తా వెళ్లిపోతారు. ఇక్కడ ఊళ్లో శాస్త్రిగారి భార్య మంటల్లో చిక్కుకుంటుంది. ఒక దళిత యువకుడు ప్రాణానికి తెగించి ఆమెను బయటికి తెస్తాడు. ముట్టుకుంటే మైల అన్న చేతులే ఆ ఇంటి ఇల్లాలి ప్రాణం నిలబెట్టాయి. దాంతో శాస్త్రిగారి మనసు కరుగుతుంది. గుడి తలుపులు తెరుచుకుంటాయి. జంటకు ఆశీస్సులు దొరుకుతాయి.

చిత్రం పెద్ద విజయం సాధించింది. అగ్రహారాల్లో అలజడి రేగింది. బ్రాహ్మణులకు ఉచితంగా చూపిస్తామని చిత్రం వాళ్లు కరపత్రాలు పంచారనీ, రహస్యంగా చూసి వచ్చి స్నానం చేసి ఇంట్లోకి వెళ్లినవాళ్లు ఉన్నారనీ సినిమా చరిత్ర రాసినవారు చెబుతారు. ఒక ప్రేమకథ జనాన్ని అంతగా కదిలించిందంటే అది ఎక్కడో సూటిగా తగిలిందనే అర్థం.

ఆ గౌరవం పూర్తిగా ఇస్తూనే, మొదట అనుకున్న ప్రశ్నలు ఈ చిత్రాన్నీ అడగాలి. పెళ్లికి ఒప్పుకోవలసింది ఎవరు? శాస్త్రిగారు. శంపాలత తల్లిదండ్రులు ఒప్పుకున్నారా లేదా అన్నది కథకు అంత బరువైన విషయం కాదు. మూల్యం ఎవరు చెల్లించారు? మంటల్లో దూకిన దళిత యువకుడు. శాస్త్రిగారి మనసు మారడానికి ఒక దళితుడు ప్రాణం పణంగా పెట్టవలసి వచ్చింది. ప్రాణం కాపాడితేనే మనిషిగా లెక్క అయినప్పుడు, అలాంటి అవకాశం రాని మిగతా పల్లె మాటేమిటి? మంటలు అంటుకోని ఊళ్లో గుడి తలుపులు ఎప్పుడు తెరుచుకోవాలి? కూలి మానేసిన ఘట్టంలో హక్కుగా అడిగినదాన్ని, మంటల ఘట్టంలో కృతజ్ఞతగా ఇప్పించారు. హక్కుగా రావలసింది కానుకగా వచ్చినప్పుడు, ఇచ్చినవాడు ఇంకా పైనే ఉంటాడు. ‘మాలపిల్ల’లో బలం, బలహీనత రెండూ ఇక్కడే ఉన్నాయి.

తెర మీద ఎవరి కథ చెప్పారన్నదే కాదు, ఎవరు ఏ పాత్ర వేయవచ్చన్నదీ ముఖ్యమే కాబట్టి కేరళ సంగతి ఒకటి చెప్పాలి. మలయాళంలో తొలి చిత్రం ‘విగతకుమారన్’. జె.సి. డేనియల్ తీశారు. అందులో కథానాయిక పి.కె. రోజీ, దళిత కుటుంబంలో పుట్టిన స్త్రీ. ఆమె వేసింది నాయర్ యువతి పాత్ర. తిరువనంతపురంలో ప్రదర్శన మొదలవగానే పై కులాలవాళ్లు మండిపడ్డారు. ఒక దళిత స్త్రీ నాయర్ స్త్రీగా కనిపించడమేమిటని రభస చేశారు. చివరికి ఆమె ఊరు విడిచి పారిపోవలసి వచ్చింది. మలయాళ చిత్రరంగపు మొదటి కథానాయికకు మళ్లీ కెమెరా ముందుకు వచ్చే అవకాశమే లేకుండా పోయింది. దళిత స్త్రీ కథను తెర మీద చూసి కన్నీళ్లు పెట్టుకోవడం ఒకటి, దళిత స్త్రీని నటిగా తెర మీద సహించడం మరొకటి. ప్రాతినిధ్యం అంటే ఈ రెండూ కలవాలి.

ఇక 1981కి వద్దాం. కె. విశ్వనాథ్‌గారి ‘సప్తపది’. జాతీయ సమైక్యత మీద ఉత్తమ చిత్రంగా నర్గిస్ దత్ పురస్కారం అందుకున్న సినిమా. యాజులుగారుగా జె.వి. సోమయాజులు, ఆయన మనవరాలు, నర్తకి అయిన హేమగా సబిత నటించారు. ఆమె నాట్యానికి వేణువు ఊదే హరిబాబు దళితుడు. ఇద్దరి మధ్యా ప్రేమ పుడుతుంది. అది తెలియని తాతగారు ఆమెను ఇంటి కుర్రవాడైన గౌరీనాథ్‌కు ఇచ్చి పెళ్లి చేస్తారు. అతను గుడిలో అర్చకుడు. పెళ్లయినా అతనికి ఆమెలో భార్య కనిపించదు, అమ్మవారు కనిపిస్తుంది. ఆమె మనసు మరొకరిదని తెలిశాక, జీవితమంతా ఆచారాన్ని పట్టుకుని బతికిన యాజులుగారే మనవరాలిని హరిబాబు వెంట పంపుతారు.

విశ్వనాథ్‌గారు వాడిన తూకం చాలా సున్నితమైనది. ఆచారాన్ని వెక్కిరించలేదు. ఆచారం లోపలి నుంచే, ఆ మనిషికి తెలిసిన శాస్త్రంతోనే, మనసు లేని పెళ్లి పెళ్లే కాదనిపించారు. పట్టుదలగల ఒక పెద్దాయన తనలో తాను నలిగిపోవడాన్ని సోమయాజులుగారు కళ్లతోనే చూపించారు. ఆ సినిమా చూసి మనసు మెత్తబడిన పెద్దలు మన ఊళ్లలో తప్పకుండా ఉండి ఉంటారు.

అయినా మన ప్రశ్నలు మళ్లీ అడుగుదాం. యాజులుగారి ఇల్లు, మడి, పూజ, ఆయన వేదన, అన్నీ మనకు తెలుసు. హరిబాబు ఇల్లు? అతని వాళ్లు ఏ వాడలో, ఎలా బతుకుతున్నారు? పెళ్లికూతురు తమ ఇంటికి వస్తుంటే ఆ వాడ ఏమనుకుంటోంది? కథకు ఆ ఆలోచన రాలేదు. హరిబాబు చేతిలో వేణువు ఉంది, వినయం ఉంది, ఓపిక ఉంది, వాటి వెనక ఊరు లేదు. మొత్తం నాటకం పెద్దాయన గుండెలో నడుస్తుంది. హేమ కూడా తన మనసు తానుగా బయటపెట్టదు. ఆమె మౌనాన్ని అమ్మవారే అర్థం చేసుకుని చెప్పాలి. ఆడపిల్ల నోటితో నాకు ఇష్టం లేదు అనడం కంటే, భర్తకు దేవత కనిపించడమే మన సమాజం నమ్మగలిగిన కారణమని కథ అనుకుంది. 1981 నాటి హద్దు అది. ఆ హద్దును గౌరవంగానే గుర్తించి, దాటవలసిన చోట దాటాలి.

తర్వాత వచ్చినవాళ్లు దాటారు. మహారాష్ట్రలో దళిత కుటుంబంలో పుట్టిన నాగరాజ్ మంజులే 2016లో ‘సైరాట్’ తీశారు. ఆయనకు ఆ వాడ ఎక్కడో దూరంగా ఉన్న వస్తువు కాదు, తాను పెరిగిన చోటు. అందుకే కథానాయకుడు పర్శ్యా ఇల్లు, వాళ్ల చేపల బతుకు, ఊరి బావి, క్రికెట్టు, అన్నీ ఎవరో చెబితే తెలిసినట్టు కాక సొంతంగా ఉంటాయి. పై కులపు అమ్మాయి ఆర్చీ బుల్లెట్ నడుపుతుంది, ట్రాక్టర్ నడుపుతుంది. హైదరాబాదుకు పారిపోయి వచ్చాక, ఊళ్లో పెద్దింటి బిడ్డకు బస్తీలో రేకుల గది ఎంత కష్టమో, డబ్బు లేని ప్రేమలో రోజువారీ గొడవలు ఎలా వస్తాయో దాచకుండా చూపించారు. సమాధానపడ్డట్టు పుట్టింటివాళ్లు బహుమతులతో వస్తారు. వాళ్లు ఏం చేసి వెళ్లారో మనకు తెలిసేది, ఇంట్లోంచి బయటికి నడిచి వచ్చే పసివాడి నెత్తుటి పాదాల వల్లే. మంటలు ఆర్పి పెద్దాయన మనసు మార్చే ముగింపు మంజులే ఇవ్వలేదు. ఇక్కడ ఎవరూ మారలేదు, పిల్లలు చచ్చిపోయారు, ఇది నిజం అని చెప్పారు.

అది నిజమని రెండేళ్లలో మన దగ్గరే రుజువైంది. 2018 మార్చిలో సుప్రీంకోర్టు పరువు హత్యల మీద వచ్చిన శక్తివాహిని కేసులో ఒక స్పష్టమైన మాట చెప్పింది. మేజర్లయిన ఇద్దరు ఒకరినొకరు ఎంచుకున్నాక కుటుంబం అనుమతి గానీ, కులం అనుమతి గానీ, ఊరి పెద్దల అనుమతి గానీ అవసరం లేదు. ఆ తీర్పు వచ్చి ఆరు నెలలు తిరక్కుండానే మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న ఒక దళిత యువకుణ్ణి, గర్భవతి అయిన భార్య కళ్ల ముందే నరికి చంపారు. ప్రత్యేక వివాహ చట్టం 1954 నుంచీ ఉంది. చట్టం ఎప్పుడో చెప్పిన మాటను మన ఇళ్లు ఇంకా వినలేదు. మన ప్రేమకథలు కూడా తండ్రి తల ఊపడాన్నే సుఖాంతంగా చూపిస్తూ వచ్చాయి. తండ్రి ఒప్పుకుంటే సంతోషమే. కానీ ఆయన ఒప్పుకోకపోతే ఆ పిల్లల బతుకు తప్పు అన్న భావం మనలో నాటుకోవడానికి ఈ ముగింపులూ కొంత కారణమని నేను అనుకుంటున్నాను.

2021లో రెండు తెలుగు చిత్రాలు ఈ విషయాన్ని ధైర్యంగా పట్టుకున్నాయి. ‘ఉప్పెన’లో బుచ్చిబాబు సానా సముద్రపు ఒడ్డున చేపలు పట్టే ఇంట్లోని ఆశీర్వాదం అనే కుర్రవాణ్ణి కథానాయకుణ్ణి చేశారు. కూతురి ప్రేమ తెలిసిన తండ్రి ఆ కుర్రవాడి మగతనం తీసేయిస్తాడు. పరువు అన్నది ఎంత దూరం వెళుతుందో చూపించి, చివర్లో ఆ తండ్రికి జవాబు కూతురి చేతే చెప్పించారు. మగవాడంటే నువ్వు తీసేసింది కాదు అని బేబమ్మ తండ్రి ఎదుట నిలబడి మాట్లాడుతుంది. హేమ మౌనం నుంచి బేబమ్మ మాట దాకా రావడానికి నలభై ఏళ్లు పట్టింది.

రెండోది శేఖర్ కమ్ముల తీసిన ‘లవ్ స్టోరీ’. ఆర్మూరు ప్రాంతం నుంచి హైదరాబాదు వచ్చిన రేవంత్ దళిత క్రైస్తవ కుటుంబంలోవాడు, జుంబా నేర్పుతూ సొంతంగా ఒక సెంటరు పెట్టాలని చూస్తుంటాడు. మౌనిక అదే ఊరి పెత్తందారీ ఇంటి పిల్ల, ఉద్యోగం కోసం తిరుగుతుంటుంది. ఈ చిత్రంలో మొదటగా మెచ్చుకోవలసింది, మన ప్రశ్నల్లో మొదటిదానికి ఇది సరైన జవాబు ఇవ్వడం. రేవంత్‌కు ఇల్లు ఉంది. ఆ ఇంట్లో ఈశ్వరీరావు పోషించిన తల్లి ఉంది, బిడ్డకు ఆత్మగౌరవం నేర్పిన మనిషి. అతనికి ఒక వృత్తి, ఒక లెక్క, ఒక లక్ష్యం ఉన్నాయి. అతను ఎవరి దయ కోసమూ చూడడు, ఎవరి ప్రాణమూ కాపాడి అర్హత సంపాదించుకోవలసిన పని అతనికి లేదు.

అంతకంటే పెద్ద సాహసం మౌనిక విషయంలో చేశారు. ఆమెను చిన్నతనంలో హింసించినవాడు బయటివాడు కాదు, సొంత బాబాయి. ఇంటి పరువు కోసం కూతురి ప్రేమను తుంచేయాలని చూసే ఇల్లే, ఆ ఇంటి గోడల మధ్య పసిపిల్లకు జరిగినదాన్ని దాచిపెట్టింది. మౌనికగా సాయిపల్లవి ఆ భయాన్ని మాటల్లో కంటే శరీరంలోనే చూపించింది. ప్రేమించినవాడి స్పర్శకే ఆ అమ్మాయి ఎందుకు బిగుసుకుపోతుందో మనకు కొంచెం ఆలస్యంగా అర్థమవుతుంది, అర్థమయ్యాక అంతకు ముందు చూసినదంతా మరోలా కనిపిస్తుంది. కులపు పరువు, ఆడపిల్ల శరీరం మీద పెత్తనం, ఈ రెండూ ఒకే చేతిలో ఉంటాయని కమ్ముల చెప్పారు. దళిత యువకుణ్ణి తాకనివ్వని ఇల్లు, తన బిడ్డను మాత్రం కాపాడుకోలేకపోయింది. ఇంత సూటిగా ఈ సంగతి చెప్పిన ప్రజాదరణ పొందిన ప్రేమకథ తెలుగులో అరుదు.

ముగింపులో మాత్రం పాత అలవాటు కొంత మిగిలింది. సమస్య కొట్లాటతో, బాబాయి చావుతో తీరుతుంది. ఆ ఇంట్లో మిగిలినవాళ్లు ఎలా మారతారన్నది మిగిలే ఉంది. ఒక దుర్మార్గుడు చచ్చిపోయినంత మాత్రాన వాణ్ణి మోసిన ఇంటి పద్ధతి చావదు. రాబోయే కథకులు పట్టుకోవలసిన కొస అక్కడుంది.

ఇదంతా ఎందుకు, సినిమా వినోదం కోసమే కదా అని అనేవారుంటారు. వారికి నా జవాబు ఇది. మన పిల్లలు ప్రేమించడం ఎలాగో బడిలో నేర్చుకోరు, ఇంట్లో అడగలేరు. వాళ్లకు దొరికే పాఠం చాలావరకు తెర మీదే. ఆ పాఠంలో అమ్మాయి వద్దన్నా వెంటపడటం మగతనమని ఉంటే, వాళ్లు అదే నేర్చుకుంటారు. కథానాయకుడి ఇంటిపేరు, కథానాయిక ఇంటిపేరు ఎప్పుడూ ఒక రెండు మూడు వర్గాలకే చెందితే, మిగిలినవాళ్ల ప్రేమ కథకు పనికిరాదనే నమ్మకం కుదురుతుంది. ఒక దళిత బాలిక తనలాంటి పిల్ల తెర మీద నవ్వుతూ, చదువుకుంటూ, కోపగించుకుంటూ, తనకు నచ్చినవాణ్ణి ఎంచుకుంటూ ఉండటం చూడకుండానే పెరిగితే, ఆ లోటు ఆమెది కాదు, మనందరిదీ.

అందుకే రాసేవాళ్లకు, తీసేవాళ్లకు నా విన్నపం ఒకటే. ప్రేమకథ రాసేటప్పుడు రెండు ఇళ్లలోకీ సమానంగా వెళ్లండి. పెద్దింటి బాధను ఎంత శ్రద్ధగా రాస్తారో, వాడలోని ఇంటి సంతోషాన్నీ అంత శ్రద్ధగా రాయండి. ఆ వాడలో పుట్టినవాళ్లకు కలం, కెమెరా అందే దారి చూడండి. ‘సైరాట్’ చేసిన మేలు అలా జరిగిందే. ఆడపిల్ల అవును అన్నా, కాదు అన్నా ఆమె నోటితోనే అనిపించండి.

చూసేవాళ్లుగా మన పని కూడా ఉంది. తర్వాత మీరు చూడబోయే ప్రేమకథ ఏదైనా సరే, ఇంట్లో పిల్లలతో కలిసి కూర్చుని ఈ ప్రశ్నలు వేయండి. ఎవరి ఇల్లు చూపించారు, ఎవరు మాట్లాడారు, ఎవరు ఒప్పుకోవాలన్నారు, ఎవరు నష్టపోయారు. జవాబులు మీ పిల్లల దగ్గర నుంచి రానివ్వండి. ఆ మాటల్లో ఎక్కడో ఒకచోట మీ ఇంటి సంగతి కూడా వస్తుంది. అప్పుడు మాట మార్చకండి. రేపు మీ అమ్మాయో అబ్బాయో ఒక పేరు చెప్పి, వాళ్ల కులం ఇది అన్నప్పుడు మీరు ఏమంటారో ఆ రోజే తేల్చుకుని, పిల్లలకు చెప్పండి. మన మాట ముందే తెలిసిన పిల్లలు మన దగ్గర దాచరు, భయపడి పారిపోరు.